సముద్రం ఒడ్డున ఫోటోలకి ట్రైపాడ్: అల్యూమినియమా, కార్బనా, చెక్కా?

అలల_వేట (ఎంవీపీ కాలనీ, విశాఖ)

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నా దగ్గర 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, ఒక 24-70, ఒక 70-300 లెన్సు ఉన్నాయి. ఇన్నాళ్ళూ చేత్తోనే లాగించాను. ఇప్పుడు భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట, యారాడ రాళ్ళ మీద, జోడుగుళ్ళపాలెం దగ్గర తెల్లారకముందే వెళ్ళి, షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచే లాంగ్ ఎక్స్‌పోజర్లు తీయాలని ఉంది. పౌర్ణమికి సముద్రంలోంచి చంద్రుడు లేవడం 300 మిల్లీమీటర్ల జూమ్ దగ్గర తీయాలి. చలికాలంలో వంజంగి కొండ మీది మబ్బులు కూడా. బడ్జెట్ పదిహేను వేలు, మరీ తప్పదంటే ఇంకో రెండు మూడు వేలు వేస్తాను.

షాపులో అడిగితే "కార్బన్ తీసుకోండి సార్, ఇంకేం ఆలోచించకండి" అన్నారు. మా బావేమో కార్బన్ తేలిక కాబట్టి గాలికి ఊగుతుంది, అల్యూమినియం బరువు కాబట్టి కదలదు అంటాడు. ఆయన కెమెరా పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి. అసలు మెటీరియల్‌లో అంత తేడా ఉందా? ఉంటే మన బీచ్‌లకి ఏది పనికొస్తుంది?

సింహాద్రి_లెన్స్ (గోపాలపట్నం)

కార్బన్. ఇంకో మాట లేదు. ఒకసారి డబ్బులు పెడితే ఇంక చూసుకోనక్కర్లేదు. అల్యూమినియం కొన్నవాళ్ళంతా రెండేళ్ళకి కార్బన్ కొంటారు, అప్పుడు రెండు ఖర్చులు.

పెళ్ళి_వీడియో (డాబాగార్డెన్స్)

అందరూ కొంటారా అన్నా? నేను కొనలేదే. నా అల్యూమినియం స్టాండు ఫంక్షన్ హాళ్ళలో తన్నులు తిని తిని సొట్టలు పడిపోయింది, ఇప్పటికీ పని చేస్తోంది. భోజనాల దగ్గర జనం ఎలా నడుస్తారో తెలుసు కదా, ఎవడో ఒకడు కాలు తగిలించకుండా వెళ్ళడు. అల్యూమినియానికి దెబ్బ తగిలితే వంగుతుంది, సొట్ట పడుతుంది, కంటికి కనబడుతుంది. కార్బన్ గొట్టానికి పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది, ఒక్కోసారి లోపలి పొర చీలి పైకి ఏమీ కనబడదు, తర్వాత బరువు పడినప్పుడు చెబుతుంది తన సంగతి. వీడియోకైతే నాకు బరువు ఉంటేనే ఇష్టం, ప్యాన్ చేసేటప్పుడు కింద స్టాండు తిరక్కుండా ఉంటుంది.

గాజువాక_ఫిట్టర్

మాస్టారూ, కార్బనా అల్యూమినియమా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న గొట్టం లావెంత అని. పల్చటి గోడ ఉన్న గొట్టం తీసుకుంటే, గోడ మందం మారకుండా ఉంచి వ్యాసం పెంచితే, వంగకుండా నిలిచే బిగువు వ్యాసం ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే 22 మిల్లీమీటర్ల కాలు బదులు 28 మిల్లీమీటర్ల కాలు తీసుకుంటే 28ని 22తో భాగించి, వచ్చినదాన్ని మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించండి. రెండుకి కాస్త పైన వస్తుంది. అదే లోహం, అదే గోడ, బిగువు మాత్రం రెండింతలు. ఇప్పుడు ఎవరైనా 22 మిల్లీమీటర్ల కార్బన్‌ని 28 మిల్లీమీటర్ల అల్యూమినియంతో పోల్చి కార్బనే గొప్ప అంటే నేను ఒప్పుకోను. అంగళ్ళలో ఆ ధరకి దొరికే కార్బన్‌వి ఎక్కువగా సన్నకాళ్ళవే. చిన్నగా మడుచుకోవాలి కాబట్టి నాలుగైదు సెక్షన్లు (ఒకదాన్లోంచి ఒకటి బయటికి వచ్చే ముక్కలు) పెడతారు. పైన 28 అయితే కిందికి వచ్చేసరికి 25, 22, 19. ఆ 19 మిల్లీమీటర్ల ముక్క బిగువు పై ముక్కలో మూడో వంతు కూడా ఉండదు. మొత్తం స్టాండు గట్టిదనాన్ని ఆ అడుగు ముక్కే ఎక్కువగా దెబ్బ తీస్తుంది.

ఇక బావగారి మాట. పడిపోవడం వేరు, వణకడం వేరు. గాలికి స్టాండు తల్లకిందులవకుండా ఉండాలంటే బరువు కావాలి, కాళ్ళు వెడల్పుగా ఉండాలి. అంతవరకు ఆయన చెప్పింది నిజమే. కానీ ఫోటో చెడేది ఎక్కువగా వణుకు వల్ల, దానికి బిగువు కావాలి, పుట్టిన వణుకు త్వరగా చచ్చిపోవాలి. బరువు కావాలంటే సంచి తగిలించుకోవచ్చు. బిగువు ఎక్కడా తగిలించుకోలేం.

సింహాద్రి_లెన్స్

ఫిట్టర్ గారు చెప్పిన లావు లెక్క ఒప్పుకుంటాను. కానీ వణుకు చావడం అన్నారు చూశారా, అక్కడే కార్బన్ గెలుస్తుంది. అల్యూమినియం కాలిని గోటితో కొట్టండి, ఖంగుమని మోగుతుంది, ఆ మోత కాసేపు ఉంటుంది. కార్బన్‌ని కొడితే టక్ మని అక్కడే ఆగిపోతుంది. పోగుల మధ్య ఉన్న రెసిన్ ఆ వణుకుని మింగేస్తుంది. గిట్జో వాళ్ళు 1994లో కార్బన్ ట్రైపాడ్ తెచ్చాక ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్ళంతా దాని వైపు మళ్ళడం ఒట్టి మోజు కాదు.

గాజువాక_ఫిట్టర్

మింగుతుంది, కాదనను. కానీ కార్బన్ ఫైబర్ అనేది ఇనుము, అల్యూమినియం లాగా ఒకే గుణం ఉన్న పదార్థం కాదు. పోగులు ఏ దిక్కున పరిచారన్నదే దాని గుణం. పొడుగునా పరిస్తే వంగకుండా ఉంటుంది. మెలి తిరగకుండా ఉండాలంటే 45 డిగ్రీల ఏటవాలుగా పరిచిన పొరలు ఉండాలి. చవక గొట్టంలో ఎన్ని పొరలు ఏ దిక్కున వేశారో పెట్టె మీద ఎవరూ రాయరు, "8 పొరలు, 10 పొరలు" అని మాత్రం పెద్దక్షరాల్లో రాస్తారు. పొరల సంఖ్య చూసి ఏమీ తేల్చలేం.

బరువు సంగతి కూడా చెబుతాను. అల్యూమినియం సాంద్రత 2.7, కార్బన్ రెసిన్‌తో కలిపి 1.6 దగ్గర. చూస్తే సగానికి దగ్గరగా తగ్గిపోవాలి. కానీ పైన కాళ్ళు కలిసే దిమ్మ, కీళ్ళు, లాకులు, హెడ్ (కెమెరా బిగించే పై భాగం), స్క్రూలు అన్నీ రెండింటిలోనూ లోహమే. తగ్గేది గొట్టాల్లోనే. మొత్తం మీద పావు వంతు తగ్గితే గొప్ప. ఆ పావు వంతుకి ఎంత ఎక్కువ పెడుతున్నామో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

మబ్బుల_వెనక (సీతమ్మధార)

ఆ పావు వంతు ఎంతో వంజంగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది సార్. చీకట్లో, చలిలో, టార్చి వెలుగులో, వెనక లెన్సులు, నీళ్ళ సీసా, పైనుంచి ఇది. మెటీరియల్ ఎంత గొప్పదైనా బరువుందని ఇంట్లో వదిలేసి వస్తే ఫోటోకి ఏం ఉపయోగం? ఇంకో సంగతి, లంబసింగి వైపు డిసెంబరులో తెల్లవారుజామున అల్యూమినియం కాలు పట్టుకుంటే చేతులు కొంకర్లు పోతాయి. కాళ్ళకి ఫోమ్ తొడుగు ఉన్నది చూసుకోండి, లేదంటే సైకిల్ హ్యాండిల్‌కి చుట్టే టేపు కొని చుట్టుకోండి, అదీ చాలు.

బుల్లి_కెమెరా (మద్దిలపాలెం)

ఏటి గురూ ఇంత లెక్కలు. నేను కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా గోడ మీద గుడ్డ సంచిలో బియ్యం పోసి దాని మీద కెమెరా పెట్టి తీస్తాను. వణుకూ లేదు, వంగడమూ లేదు. ఖర్చు కిలో బియ్యం.

చుక్కల_లెక్క (వేపగుంట)

బుల్లి గారు నవ్వుతూ అన్నా అది నిజంగా పనికొచ్చే మాటే. గోడో బండరాయో దొరికిన చోట సంచిని మించింది లేదు. కాకపోతే తుంపర పడితే బియ్యం నాని కంపు కొడుతుంది, ప్లాస్టిక్ గుళికలు పోసుకోండి.

అలల_వేట గారు చంద్రుడి మాట ఎత్తారు కాబట్టి ఆ లెక్క చెబుతాను, ఎందుకంటే 24-70తో వచ్చే ఇబ్బంది వేరు, 300తో వచ్చేది వేరు. మీ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, అడ్డంగా 6000 పిక్సెళ్ళు, అంటే ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లు. 300 మిల్లీమీటర్ల లెన్సుతో ఒక పిక్సెల్ అంత జరగాలంటే కెమెరా ఎంత తిరగాలో చూస్తే, మీటరు పొడుగు కర్ర ఒక చివర 0.02 మిల్లీమీటర్లు లేచినంత కోణం. తల వెంట్రుక మందంలో అది మూడో వంతు కూడా ఉండదు. చేత్తో షట్టర్ నొక్కితే అంతకి ఎన్నో రెట్లు కదులుతుంది. అందుకే ఏ మెటీరియల్ కొన్నా 2 సెకన్ల టైమరో రిమోటో తప్పదు. సెంటర్ కాలమ్ (మధ్యలో పైకి లేచే గొట్టం) పైకి లేపారంటే మూడు కాళ్ళ స్టాండు మీద ఒంటికాలి స్టాండు నిలబెట్టినట్టే, మొత్తం డబ్బులు అక్కడే పోతాయి.

చంద్రుడికి ఇంకో మెలిక ఉంది. ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) తిరుగుతుంది. మీ పిక్సెల్ 4 ఆర్క్ సెకన్లు. అంటే పావు సెకను దాటితే ట్రైపాడ్ బండలా ఉన్నా చంద్రుడే జరిగిపోతాడు. కాబట్టి అక్కడ ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుని పట్టే చురుకు) పెంచి వేగంగా తీయాలి. ట్రైపాడ్ ఉపయోగం ఫ్రేము కుదుర్చుకోవడానికీ, ఫోకస్ నిలబెట్టుకోవడానికీ.

అలల_వేట

అబ్బో, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. అందరికీ థాంక్స్. రెండు సందేహాలు. ఒకటి, పెట్టె మీద "15 కిలోలు మోస్తుంది" అని రాస్తారు కదా, దాన్ని నమ్మవచ్చా? రెండు, ఉప్పునీటి గురించి ఎవరూ చెప్పలేదు. నేను వాడేది ఎక్కువగా బీచ్‌లోనే.

పెళ్ళి_వీడియో

కిలోల మాట వదిలేయండి. ఎవరి కంపెనీ పద్ధతి వారిది, అందరూ పాటించే ఒకే కొలత లేదు. అది కూలిపోకుండా మోసే బరువు, కదలకుండా పట్టుకునే బరువు కాదు.

జాలారిపేట_చిన్నోడు

ఉప్పు సంగతి నేను చెబుతా. మా ఇంట్లో ఫైబర్ తెప్ప ఉంది, ఇంజను ఉంది, ఉప్పు ఏం చేస్తుందో రోజూ చూస్తాం. సముద్రంలో ముంచితేనే పాడవుతుంది అనుకోకండి. ఒడ్డున గంట నిలబెడితే గాలిలోని ఉప్పే సరిపోతుంది, అది తేమ పీల్చుకుని రాత్రంతా పని చేస్తూనే ఉంటుంది. మన ఊళ్ళో గాలి ఎండేదెప్పుడు? మీరు చూడాల్సింది కాలి గొట్టం కాదు అన్నా, కీళ్ళూ స్క్రూలూ. గొట్టం ఎవరిదైనా బాగానే ఉంటుంది. చిన్న స్క్రూ ఒకటి తుప్పు పట్టి పట్టేసిందంటే కాలు ఊడదు, బిగుసుకోదు.

ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగాలి. తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు లోపలికి పోతుంది. కుళాయి కింద పెట్టి కాళ్ళు పూర్తిగా లాగి కడిగి, మడవకుండా నీడలో ఆరబెట్టాలి. తడిగా ఉన్నప్పుడు మడిచి సంచిలో పెడితే మీరే పాడు చేసుకున్నట్టు.

గాజువాక_ఫిట్టర్

చిన్నోడు బాగా చెప్పాడు. దీనికి నేను ఒక ముక్క కలుపుతాను, కార్బన్ అభిమానులు నన్ను తిట్టినా పర్వాలేదు. కార్బన్ తుప్పు పట్టదు, నిజమే. కానీ కార్బన్‌లోంచి కరెంటు పారుతుంది. కార్బన్, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ మధ్యలో ఉప్పునీరు ఉంటే అది చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం. కార్బన్ గొట్టానికి చివర అతికించిన అల్యూమినియం కాలర్ ఉంటుంది చూడండి, దాని అంచున తెల్లటి పొడి కనబడితే అదే. మంచి కంపెనీలు మధ్యలో జిగురు పొర, ప్లాస్టిక్ బుష్ పెట్టి ఒకదానికొకటి తగలకుండా చూసుకుంటాయి, అల్యూమినియానికి ఆనోడైజింగ్ చేసి పైన కాపుదల పొర వేస్తాయి. చవకవాటిలో ఆ జాగ్రత్త ఎంత తీసుకున్నారో మనకి తెలియదు. ఇసక గీసి ఆ పొర పోయిందంటే మొదలవుతుంది. మొత్తం అల్యూమినియంతో చేసిన స్టాండులో కార్బన్ పక్కన ఉండదు కాబట్టి ఈ గొడవ తక్కువ, స్టీలు స్క్రూల దగ్గర మాత్రం కొంచెం ఉంటుంది.

ఇంకోటి. పైన కాళ్ళు కలిసే దిమ్మని కొన్ని మోడళ్ళలో మెగ్నీషియం మిశ్రమంతో పోత పోస్తారు, తేలిక అని గొప్పగా చెబుతారు. ఉప్పునీటికి మెగ్నీషియం అంత బలహీనమైంది ఇంకోటి లేదు. పెయింటు ఉన్నన్నాళ్ళు బాగుంటుంది. బీచ్ కోసం కొనేవాళ్ళు అది చూసి కొనండి.

సింహాద్రి_లెన్స్

తిట్టను గానీ, నా కార్బన్ స్టాండు ఎన్నో ఏళ్ళుగా రుషికొండ తిరుగుతోంది, తెల్లపొడి లేదు. కడుగుతాను కాబట్టి. అల్యూమినియం అయినా కడక్కపోతే మచ్చలు పడి గరుకెక్కి ట్విస్ట్ లాక్ (కాలి ముక్కల్ని తిప్పి బిగించేది) తిరగదు. అంతా మనం చూసుకునేదాన్ని బట్టే.

జాలారిపేట_చిన్నోడు

మరి మా తెప్ప ఫైబర్ పక్కన అల్యూమినియం ఉన్నా ఏం కాదేంటి ఫిట్టర్ గారూ?

గాజువాక_ఫిట్టర్

మీది గాజు ఫైబర్ తమ్ముడూ. గాజులో కరెంటు పారదు. గిట్జో ఒకప్పుడు బసాల్ట్ ఫైబర్‌తో, అంటే నల్లరాతిని కరిగించి లాగిన పోగులతో, స్టాండులు చేసింది. అందులోనూ కరెంటు పారదు. ఇప్పుడవి పెద్దగా కనబడటం లేదు.

సర్వే_మాస్టారు (పెందుర్తి)

ఇంతమంది మాట్లాడారు, చెక్క గురించి ఒక్కరూ ఎత్తలేదు. ప్రశ్నలో ఉంది కదా నాయనా. నేను ఉద్యోగమంతా భూమి కొలిచే పరికరాలు, ముందు థియోడొలైట్, తర్వాత టోటల్ స్టేషన్, మోసినవాణ్ణి. కోణం సెకన్లలో చదివే పరికరాన్ని ఇప్పటికీ చెక్క స్టాండు మీద పెట్టడానికి కారణం ఉంది. చెక్క వణుకుని బాగా చంపుతుంది, ఎండకి అంతగా సాగదు. అల్యూమినియం ఒక మీటరుకి ఒక డిగ్రీ వేడెక్కితే 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. మధ్యాహ్నం ఎండలో ఒక కాలు నీడలో, రెండు కాళ్ళు ఎండలో ఉంటే మట్టం తప్పుతుంది. పొడుగువైపు చెక్క సాగేది అందులో నాలుగో వంతో అయిదో వంతో. ఫోటోలకి ఈ సాగుడు పట్టింపు లేదు, వణుకు చావడం మాత్రం పట్టింపే. జర్మనీలో బెర్లెబాఖ్ అనే కంపెనీ ఇప్పటికీ యాష్ చెక్కతో ఫోటో ట్రైపాడ్లు చేస్తోంది. టెలిస్కోపులు వాడేవాళ్ళు వాటిని ఇష్టపడతారు.

పాత సర్వే స్టాండు ఎక్కడైనా తక్కువలో దొరికితే వదలకండి. ఒక్కటే చిక్కు, దాని పైన బోల్టు 5/8 అంగుళం, అంగుళానికి 11 మరలు. మీ బాల్ హెడ్‌కి కావాల్సింది 3/8 అంగుళం, 16 మరలు. మధ్యలో అడాప్టర్ కావాలి, లేత్ ఉన్న ఎవరైనా చేసిస్తారు. కాళ్ళ చివర ఇనుప ములుకులు ఉంటాయి, పక్కన అడుగు పెట్టి తొక్కడానికి మెట్టు ఉంటుంది. తడి ఇసకలో దాన్ని మించింది నేను చూడలేదు. మోయడం గురించి మాత్రం నన్ను అడగొద్దు, మాకు సామాను మోసే చైన్‌మన్ ఉండేవాడు.

బుల్లి_కెమెరా

మాస్టారూ, చైన్‌మన్‌ని కూడా అద్దెకిస్తారా? లేకపోతే ఏటికొప్పాక వెళ్ళి లక్క రంగులేసిన ట్రైపాడ్ ఒకటి చేయించుకుంటాను, ఫోటో రాకపోయినా స్టాండు బాగుంటుంది.

గాజువాక_ఫిట్టర్

ఏటికొప్పాక బొమ్మలకి వాడేది అంకుడు కర్ర, అది మెత్తన. చక్కగా చెక్కడానికి వీలు, లక్క బాగా పడుతుంది. మూడు కిలోల కెమెరా మోయించడానికి కాదు. లేత్ పని మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

మబ్బుల_వెనక

చెక్కది వంజంగి తెస్తే ఫోటో కంటే ముందు చలిమంటకి అడుగుతారు.

చుక్కల_లెక్క

ఇక్కడ చాలామంది కాళ్ళ గురించే కొట్టుకుంటున్నారు. తక్కువ ధర కిట్లలో నేను చూసినంతవరకు ముందు ఓడిపోయేది బాల్ హెడ్ (గుండు మీద ఎటైనా తిరిగే హెడ్). బిగించి వదిలాక ఫ్రేము అర డిగ్రీ కిందికి జారిపోతుంది, 300 దగ్గర అర డిగ్రీ అంటే చంద్రుడంత. కాళ్ళు ఏ మెటీరియల్ అయితే ఏంటి అప్పుడు? డబ్బుల్లో మూడో వంతు హెడ్‌కి ఉంచండి. ఆర్కా తరహా ప్లేటు (కెమెరా అడుగున బిగించి హెడ్‌లో పెట్టే పలక) ఉన్నది తీసుకోండి, తర్వాత ఎల్ బ్రాకెట్ (కెమెరాని నిలువుగా కూడా బిగించే పట్టీ) కొన్నా సరిపోతుంది.

షాపులో చూడటానికి నేను చేసేది చెబుతాను. కాళ్ళన్నీ పూర్తిగా లాగండి, కాలమ్ దించేయండి. పై దిమ్మని రెండు చేతుల్తో పట్టుకుని ఎడమకీ కుడికీ మెలి తిప్పండి. కాళ్ళు దిమ్మని కలిసే చోట ఆట ఉంటే చేతికే తెలుస్తుంది. తర్వాత మీ కెమెరా, 300 లెన్సు పెట్టి దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరానికి ఫోకస్ చేసి వెనక స్క్రీను మీద కనబడే లైవ్ వ్యూ 10 రెట్లు పెంచండి. కాలిని వేలితో చిన్నగా కొట్టి, అక్షరం కుదుటపడటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. పక్కనే ఇంకో స్టాండు పెట్టి అదే చేయండి. పెట్టె మీద రాసిందంతా మర్చిపోతారు. కెమెరా తీసుకెళ్ళడం కుదరకపోతే పెన్ను లేజర్ ఒకటి పై దిమ్మకి రబ్బరు బ్యాండుతో కట్టి ఎదుటి గోడ మీద చుక్క ఎంత ఊగుతుందో చూసినా సరిపోతుంది. షాపువాడు చిరాకు పడతాడు, పడనీండి.

సింహాద్రి_లెన్స్

ఈ పరీక్ష మంచిది. నేను కూడా చేయిస్తాను కొత్తవాళ్ళతో. దాంట్లో అదే లావు, అదే సెక్షన్లు ఉన్న కార్బన్ అల్యూమినియం పక్కపక్కన పెట్టి చూడండి, అప్పుడు నన్ను తలుచుకుంటారు.

గాజువాక_ఫిట్టర్

తలుచుకుంటారు. బిల్లు చూసి నన్ను తలుచుకుంటారు.

అలల_వేట

హహ. ఇద్దరినీ తలుచుకుంటాను. ఇసక గురించి కూడా చెప్పండి. 10 స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురుని వెయ్యో వంతుకి తగ్గించే నల్లద్దం) పెడితే 1/60 సెకను కాస్తా 17 సెకన్ల దాకా పోతుంది. ఆ మధ్యలో అల వచ్చి వెళ్తే కాళ్ళు దిగిపోతాయని విన్నాను.

జాలారిపేట_చిన్నోడు

దిగిపోతాయి. అల వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసకని తీసుకుపోతుంది, మీరు నిలబడినా పాదాల కింద తెలుస్తుంది కదా. స్టాండు పెట్టగానే ఫోటో మొదలుపెట్టకండి. ఒక్కో కాలు నొక్కి, రెండు అలలు తగలనిచ్చి, మళ్ళీ నొక్కి, అప్పుడు ఫ్రేము చూసుకోండి. ఇంకోటి, మామూలుగా లావు ముక్కలు ముందు లాగాలంటారు. నీళ్ళలో అలా చేయకండి. ముందు అడుగు ముక్క లాగండి, అప్పుడు లాకు నీటికీ ఇసకకీ పైన ఉంటుంది. లాకులో ఇసక పడిందంటే కర్రకర్రమంటుంది, ఆ చప్పుడుతో తిప్పితే మర అరిగిపోతుంది. అక్కడే విప్పకండి, ఇంటికి తెచ్చి నీళ్ళలో కడిగి విప్పండి.

యారాడలో రాళ్ళ మీదకి ఒంటరిగా వెళ్ళొద్దు అన్నా. అక్కడ అల చెప్పి రాదు. స్టాండు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

సర్వే_మాస్టారు

రబ్బరు కాళ్ళ కింద ములుకులు ఉన్న మోడల్ తీసుకోండి, స్టెయిన్‌లెస్‌వి. రాయి మీద రబ్బరు, ఇసకలో ములుకు.

మబ్బుల_వెనక

గాలి గురించి ఎవరైనా చెబుతారేమో అనుకున్నాను. మన దగ్గర తెల్లవారుజామున సాధారణంగా గాలి నేల వైపు నుంచి మెల్లగా ఉంటుంది, పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి వచ్చే గాలే గట్టిది. కాబట్టి సూర్యోదయం తీసేవాళ్ళకి సగం ఇబ్బంది లేనట్టే. సాయంత్రం కైలాసగిరి మీద, తొట్లకొండ మీద తీస్తే మాత్రం తెలుస్తుంది. సెంటర్ కాలమ్ కొక్కేనికి సంచి తగిలిస్తారు కదా, అది గాల్లో వేలాడితే లోలకంలా ఊగి స్టాండుని కూడా ఊపుతుంది. సంచి అడుగు నేలకి తగిలేలా కట్టండి. కెమెరా మెడ పట్టీ తీసేయండి, లెన్స్ హుడ్ అవసరం లేకపోతే తీసేయండి, రెండూ గాలిని పట్టుకుంటాయి.

పెళ్ళి_వీడియో

ఫ్లైఓవర్ల మీద బండ్ల లైట్ల గీతలు తీద్దామని వెళ్ళేవాళ్ళు కూడా వినండి. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద లారీ వెళ్తే వంతెనే ఊగుతుంది. దాని మీద కార్బన్ పెట్టినా చెక్క పెట్టినా స్టాండు వంతెనతో పాటే ఊగుతుంది. పక్క బిల్డింగ్ మేడ ఎక్కి తీయండి. నేవీ వాళ్ళ స్థలాల వైపు పెద్ద లెన్సు, స్టాండు పెట్టి నిలబడకండి, సెక్యూరిటీ వాళ్ళు వచ్చి అడుగుతారు, వాళ్ళ తప్పేం లేదు. డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు ఆర్‌కే బీచ్‌లో జరిగితే అందరికీ కనబడతాయి, ఆ జనంలో మూడు కాళ్ళు పరవడానికి మాత్రం చోటు దొరకదు, మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు, తెచ్చుకోండి.

చుక్కల_లెక్క

స్టాండు మీద పెట్టాక స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపేయండి. కొత్త లెన్సులు కొన్ని స్టాండు మీద ఉన్నామని కనిపెట్టుకుంటాయి, పాతవి లేని వణుకుని సరిచేయబోయి ఫోటో పాడు చేస్తాయి. మీ 70-300 ఏ రకమో పుస్తకంలో చూసుకోండి.

అలల_వేట

సరే, నిన్న షాపుకి కెమెరా తీసుకెళ్ళి చుక్కల గారి పరీక్ష చేశాను. చిరాకు పడలేదు, పైగా అతను కూడా వంగి స్క్రీను చూస్తూ కూర్చున్నాడు. నా డబ్బుల్లో వచ్చే కార్బన్‌ది నాలుగు సెక్షన్లు, పైన 25 మిల్లీమీటర్లు, అడుగు ముక్క బాగా సన్నం. అక్షరం చాలాసేపు ఊగింది. 28 మిల్లీమీటర్ల, మూడు సెక్షన్ల అల్యూమినియం మోగింది గానీ త్వరగానే కుదుటపడింది. అదే కంపెనీ 28 మిల్లీమీటర్ల కార్బన్ మూడు సెక్షన్లది అన్నిటికంటే బాగుంది, సింహాద్రి గారు చెప్పింది నిజం, కానీ హెడ్ లేకుండానే నా బడ్జెట్ దాటిపోయింది. అల్యూమినియం కాళ్ళు తీసుకున్నాను, మిగిలినదానికి విడిగా మంచి బాల్ హెడ్. ములుకులు ఉన్నాయి. దిమ్మ అల్యూమినియమే అని అడిగి తెలుసుకున్నాను. బావకి చెబితే "నేను ముందే చెప్పాను కదా" అన్నాడు.

ట్విస్ట్ లాకులే ఉన్నాయి. కడిగాక గ్రీజు పెట్టాలా?

గాజువాక_ఫిట్టర్

మరల మీద మాత్రం పల్చగా పెట్టండి. గొట్టం మీద గానీ, లోపల గొట్టాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్కల మీద గానీ వద్దు, పట్టు జారిపోతుంది. ఎక్కువ పెడితే ఇసక అంటుకుంటుంది. కాళ్ళు విప్పేటప్పుడు ఒక్కోటే విప్పండి, ఏ ముక్క ఏ కాలిదో కలిసిపోకుండా.

సింహాద్రి_లెన్స్

మంచిది కొన్నారు. రెండేళ్ళ తర్వాత మాట్లాడుకుందాం.

మబ్బుల_వెనక

వంజంగికి ఇది మోసుకురావద్దు, నా దగ్గర పాత కార్బన్‌ది ఒకటి ఖాళీగా ఉంది, ఇస్తాను. ఒక్క షరతు, దాన్ని బీచ్‌కి తీసుకెళ్ళకూడదు.

అలల_వేట

తప్పకుండా అన్నా. ప్లేటు ఆర్కానేనా, లేక నాది కూడా తెచ్చుకోనా?

మబ్బుల_వెనక

ఆర్కానే. టార్చి తెచ్చుకో, చేతికి కాదు, తలకి కట్టుకునేది.